ఊరి చీమలు, ఓడ దిగిన చీమలు

1851లో ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’ పత్రిక దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి అచ్చువేసింది. రాసినవారు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. కడప అడవుల కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఈయన పేరే. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశారు. ఆ చుట్టుపక్కల జంతువుల సంగతులు యానాదులను అడిగి తెలుసుకునేవారు. పెద్ద కళ్లు, పొడుగాటి దవడలు ఉండి, దగ్గరికి వెళితే గెంతే చీమ ఒకటి మన వైపు అడవుల్లో ఉంది. దానికి హార్పెగ్నాథస్ సాల్టేటర్ అని పేరు పెట్టింది ఆ జాబితాలోనే. ఇవాళ దూరదేశాల జన్యు ప్రయోగశాలలు ఆ చీమను పెంచి పరిశోధిస్తున్నాయి.

అదే జాబితాలో చిన్న ఎర్ర చీమ కూడా ఒకటి ఉంది. కొత్త జాతి అనుకుని జెర్డన్ దానికి ‘అట్టా రూఫా’ అని పేరు పెట్టారు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు నమూనాలు పోల్చి చూసి, అది ఫాబ్రిషియస్ 1804లోనే పేరు పెట్టిన సొలెనాప్సిస్ జెమినేటా అని తేల్చారు. కుడితే నిప్పు తగిలినట్టు మండే చీమ అది. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు స్పెయిన్ ఓడలు నడిచేవి. ఆ ఓడల్లో బరువు కోసం నింపిన మట్టితో ఈ చీమ ఆసియాకు చేరి ఉంటుందని 2015లో వెలువడిన జన్యు అధ్యయనం చెప్పింది. అంటే జెర్డన్ కలం పట్టేనాటికే పరాయి చీమ మన నేలలో కుదురుకుంది. ఎంతగా కుదురుకుందంటే, చీమలను అంత శ్రద్ధగా చూసిన మనిషికి కూడా అది ఈ మట్టిలో పుట్టినదే అనిపించింది.

చీమల్లో స్థానికం, పరాయి అని గీత గీయడం ఎంత కష్టమో ఈ ఒక్క పేరు చూస్తే తెలుస్తుంది. గత నలభై ఏళ్లలో ఈ ప్రశ్న మీద ప్రపంచమంతటా జరిగిన పనిని దగ్గర పెట్టుకుని చదివితే నాకు ఒక మాట గట్టిగా అనిపిస్తోంది. చీమ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం అవసరమే, కానీ నష్టాన్ని కొలిచే కొలబద్ద అది కాదు. వచ్చిన చోట ఆ చీమ ఏ పని చేస్తోంది, అంతకుముందు ఆ పని చేస్తున్న చీమ ఏమైంది అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలు అడగనివాళ్లు మందు చల్లి మరింత చెడగొట్టిన కథలు చాలా ఉన్నాయి.

ముందు పని సంగతి. భూమ్మీద ఒక్క క్షణంలో సుమారు రెండు వందల కోట్ల కోట్ల చీమలు ఉంటాయని 2022లో ఒక పరిశోధక బృందం అంచనా కట్టింది. మనిషికి పాతిక లక్షల చొప్పున అన్నమాట. వాటి శరీరాల్లోని కార్బన్ బరువు అడవి పక్షులు, అడవి క్షీరదాలు అన్నిటి కార్బన్ బరువును కలిపినా మించిపోతుంది. ఇన్ని ప్రాణులు నేలను తవ్వుతున్నాయి, గింజలు మోస్తున్నాయి, పురుగులను తింటున్నాయి, చచ్చినదాన్ని ఊడ్చేస్తున్నాయి. ఆముదం గింజ కొనన తెల్లటి చిన్న బుడిపె ఉంటుంది, చూడండి. కొవ్వు నిండిన ఆ బుడిపె చీమలకు తిండి. గింజను గూటికి ఈడ్చుకుపోయి, బుడిపె కొరికి తిని, గట్టి గింజను అక్కడే మట్టిలోనో గూటి బయటి చెత్తలోనో వదిలేస్తాయి. ఆముదం మొక్క అలా చీమల కాళ్ల మీద నడిచి కొత్త చోటికి చేరుతుంది. గింజల ప్రయాణానికి చీమల మీద ఆధారపడే పూల మొక్కల జాతులు ప్రపంచంలో పదకొండు వేలకు పైగా ఉన్నాయి.

మామిడి చెట్ల మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు మన తోటల్లో అందరికీ తెలిసినవే. శాస్త్రీయ నామం ఎకోఫిల్లా స్మరాగ్డినా. తమ లార్వాలను నోట పట్టుకుని, అవి వదిలే పట్టుదారంతో ఆకులను అతుకుతాయి. ఈ చీమల గూళ్లను సంచుల్లో అమ్మేవారని, కొని తెచ్చి నారింజ చెట్లకు తగిలిస్తే పురుగు పట్టేది కాదని సా.శ. 304 నాటిదిగా చెప్పే చైనా గ్రంథంలో ఉంది. పురుగును పురుగుతో అదుపు చేసినట్టు దొరికే లిఖిత ఆధారాల్లో అత్యంత పాతవాటిలో అది ఒకటి. ఉత్తర ఆస్ట్రేలియా జీడిమామిడి తోటల్లో ఇవే చీమలను చెట్టు నుంచి చెట్టుకు తాళ్లు కట్టి పాకించి, టీ దోమ అనే పురుగును అదుపులో పెట్టారు. పలాస నుంచి కోస్తా పొడవునా జీడిమామిడి వేసే రైతుకు టీ దోమ అంటే ఏమిటో నేను చెప్పక్కరలేదు. కోత కూలీలను కరుస్తాయని మనం గూళ్లు తగలబెడతాం. నిజమే, గట్టిగానే కరుస్తాయి. పైగా ఇవి చెట్టు రసం పీల్చే పొలుసు పురుగులు కొన్నిటిని కాపాడి పెంచుతాయి. స్థానిక చీమ అయినంత మాత్రాన అది చేసేదంతా మనకు మేలే అనుకోవడం తప్పు. పని లెక్క వాటికీ వర్తిస్తుంది.

ఇక ఊరు దాటిన చీమలు. మనుషుల సరుకుతో పాటు తమ సొంత ప్రాంతం దాటి కదిలిన చీమ జాతులు ఐదు వందలకు పైగా ఉన్నాయని 2023లో వెలువడిన ఒక పెద్ద లెక్క చెబుతోంది. వాటిలో చాలావరకు పెద్దగా హాని చేయకుండా ఒదిగి బతుకుతాయి. అడవినీ పొలాన్నీ తలకిందులు చేసేవి కొన్నే. ప్రపంచంలోని అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతులని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వేసిన జాబితాలో ఐదు చీమలున్నాయి: అర్జెంటీనా చీమ, ఎర్ర నిప్పు చీమ, చిన్న నిప్పు చీమ, పెద్దతల చీమ, పసుపు పిచ్చి చీమ.

ఈ కొన్నిటికే ఆ బలం ఎక్కడిది? అర్జెంటీనా చీమ కథ దీనికి మంచి జవాబు. ఇది మూడు మిల్లీమీటర్లకు మించని గోధుమరంగు చీమ. కుట్టదు. పరానా నది పరివాహక ప్రాంతం దీని స్వస్థలం. అక్కడ దీని కాలనీలు కొన్ని పదుల, మహా అయితే కొన్ని వందల మీటర్ల మేర ఉంటాయి. పక్క కాలనీ చీమ ఎదురైతే చంపుకుంటాయి. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో, 1907 నాటికి కాలిఫోర్నియాలో కనిపించిన ఇవే చీమలు మాత్రం ఒకదానితో ఒకటి పోట్లాడటం మానేశాయి. కాలిఫోర్నియాలో తొమ్మిది వందల కిలోమీటర్ల మేర ఎక్కడి చీమను తెచ్చి ఎక్కడ వదిలినా సొంత గూటి చీమలాగే చూసుకున్నాయి. ఇటలీ నుంచి స్పెయిన్ అట్లాంటిక్ తీరం దాకా ఆరు వేల కిలోమీటర్ల పొడవున ఒకే సూపర్‌కాలనీ ఉందని 2002లో తేలింది. 2009లో జపాన్ పరిశోధకులు ఐరోపా, కాలిఫోర్నియా, జపాన్ చీమలను ఎదురెదురుగా పెట్టి చూశారు. ఆ మూడు ఖండాల చీమలూ కొట్టుకోలేదు.

చీమకు తన వాళ్లెవరో పరాయివాళ్లెవరో తెలిసేది ఒంటి మీది మైనపు పూత వాసనతో. కొద్దిపాటి చీమల నుంచి పుట్టిన సంతానం కాబట్టి జన్యు వైవిధ్యం తగ్గి వాసనలన్నీ ఒకేలా అయిపోయాయని నీల్ సుత్సుయి, ఆండ్రూ సువారెజ్ బృందం 2000లో ప్రతిపాదించింది. ఆ వివరణ మీద తర్వాత చాలా చర్చ నడిచింది, ఇంకా నడుస్తోంది. ఫలితం మీద మాత్రం ఎవరికీ సందేహం లేదు. సరిహద్దు యుద్ధాలకు పోయే శక్తి అంతా పిల్లల పెంపకానికి, తిండి వేటకు మళ్లింది. పైగా ఒక గూట్లో ఎన్నో రాణులుంటాయి. జతకట్టడానికి రాణి గాలిలోకి ఎగరడం లేదు. రాణి కొన్ని పనిచీమలతో నడిచి వెళ్లి పక్కనే కొత్త గూడు పెడుతుంది. ఒక పూలకుండీలో రాణి, నాలుగు పనిచీమలు చాలు, కొత్త దేశంలో అడుగు పెట్టడానికి.

మామూలుగా చీమల సంఘంలో ఒక బేరం ఉంటుంది. తిండిని తొందరగా కనిపెట్టే జాతి దాన్ని కాపాడుకోలేదు, కాపాడుకోగలిగిన జాతి ఆలస్యంగా వస్తుంది. ఆ తేడా వల్లే పది రకాల చీమలు ఒకే చోట బతకగలుగుతున్నాయి. ఉత్తర కాలిఫోర్నియాలో డేవిడ్ హోల్వే చేసిన ప్రయోగాల్లో అర్జెంటీనా చీమ ముందే వచ్చింది, వచ్చాక ఎవరినీ రానివ్వలేదు కూడా. స్టాన్‌ఫర్డ్ దగ్గర జాస్పర్ రిడ్జ్‌లో డెబొరా గోర్డన్ బృందం 1993 నుంచి ఈ చీమ పాకడాన్ని ఏడాదికేడాది గమనిస్తూ వచ్చింది. దండు రాకముందు అక్కడి స్థానిక చీమలు ఏ జాతి ఎక్కడ ఉండాలో ఒక పద్ధతిలో పంచుకుని ఉండేవి. వచ్చాక మిగిలిన కొద్ది జాతులు పద్ధతంటూ లేకుండా చెల్లాచెదురుగా దొరికాయి. నన్ను జాతుల సంఖ్య తగ్గడం కన్నా ఎక్కువగా కలవరపెట్టింది ఇది. లెక్కలో చూస్తే కొన్ని జాతులు ఇంకా ఉన్నాయి, వాటి మధ్య ఉన్న ఏర్పాటు లేదు.

ఎర్ర నిప్పు చీమది మరో దారి. 2013లో దీనిలో ఒక ‘సామాజిక క్రోమోజోమ్’ ఉందని తేలింది. కాలనీకి ఒకే రాణి ఉండాలా, పలువురు రాణులు ఉండాలా అన్నది ఆ క్రోమోజోమ్ ముక్క నిర్ణయిస్తుంది. పసుపు పిచ్చి చీమ ఇంకా విచిత్రం. దాని మగచీమల శరీరంలో రెండు వేర్వేరు వంశాల కణాలు కలిసి ఉంటాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మరే జంతువులోనూ ఇలాంటి పునరుత్పత్తి కనిపించలేదు.

వీటన్నిటికీ ఇంధనం ఒకటే, తీపి. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగులు చెట్టు రసం పీల్చి తేనె మంచు అనే తీపి ద్రవాన్ని విసర్జిస్తాయి. పంట మీద చీమల బారు కనిపిస్తే పేనుబంక ఉందని మన రైతు వెంటనే పోల్చుకుంటాడు. ఈ బంధం ఎంత దూరం పోగలదో చూడాలంటే హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవికి వెళ్లాలి. ఈ మొత్తం విషయంలో ఇంత నిండుగా నమోదైన కథ మరొకటి లేదు.

ఆస్ట్రేలియా పాలనలో ఉన్న ఆ దీవి వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లు. అడవి నేలను ఏలేది కోట్ల సంఖ్యలో ఉండే ఎర్ర పీతలు. రాలిన ఆకులు, మొలకలు, గింజలు అన్నీ అవే తింటాయి కాబట్టి అడవి అడుగు ఊడ్చినట్టు శుభ్రంగా ఉండేది. పసుపు పిచ్చి చీమ 20వ శతాబ్దం మొదటి భాగంలోనే ఓడల మీద వచ్చింది. దశాబ్దాల పాటు ఉన్నట్టు కూడా తెలియలేదు. 1989లో తొలి సూపర్‌కాలనీ కనిపించింది. కొత్త శతాబ్దం వచ్చేసరికి దీవి అడవిలో పావు వంతుకు పైగా ఆక్రమించింది. చీమ కుట్టదు, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. పీతల కళ్లలో, నోటి దగ్గర ఆమ్లం పడి అవి గుడ్డివై ఎండి చనిపోయాయి. కోటికి పైగా పీతలు పోయాయని అంచనా.

పీతలు పోయాక ఆకుచెత్త పేరుకుంది, మొలకలు దట్టంగా లేచాయి. పీతల భయంతో అడవిలోకి రాలేకపోయిన ఆఫ్రికా రాక్షస నత్త లోపలికి పాకింది. పైన చెట్ల మీద చీమల కాపలాలో పొలుసు పురుగులు విపరీతంగా పెరిగాయి, ఆకుల మీద నల్లటి మసి పట్టింది, కొన్ని చెట్లు కొమ్మల నుంచి ఎండుతూ వచ్చాయి. డెన్నిస్ ఓడౌడ్, పీటర్ గ్రీన్, సామ్ లేక్ 2003లో రాసిన వ్యాసం ఈ గొలుసును ఒక కొనసాగింపుగా చూపింది: ఒక పరాయి జీవి ఇంకొక పరాయి జీవికి దారి వేస్తుంది, రెండూ కలిస్తే అడవి కూలుతుంది.

దశాబ్దాల పాటు ఊరుకున్న చీమ ఎందుకు విజృంభించింది? ఆ పొలుసు పురుగుల్లో ముఖ్యమైన లక్క జాతి పురుగు కూడా పరాయిదే. చీమకు తీపి దొరికింది, పురుగుకు కాపలా దొరికింది. అధికారులు మొదట 2002లో హెలికాప్టర్ల నుంచి ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిపిన ఎర చల్లారు. కాలనీలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ చల్లారు. ఎన్నేళ్లిలా అని ఆలోచించి లాట్రోబ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చీమను వదిలి దాని తిండి మీద దృష్టి పెట్టారు. ఆ పొలుసు పురుగులో గుడ్లు పెట్టే అతి చిన్న కందిరీగను మలేషియా నుంచి తెచ్చి 2016 డిసెంబరులో వదిలారు. చీమను చంపకుండా దాని వంటిల్లు మూయించే ఉపాయం ఇది. ఈ రంగంలో ఇంతకన్నా తెలివైన ఆలోచన నాకు కనిపించలేదు.

మనకిది కొత్త కాదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడి బొప్పాయిని, మల్బరీని ఊడ్చేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫాగస్ పపాయే అనే చిన్న కందిరీగను తెచ్చి వదిలాక అదుపులోకి వచ్చింది. పిండినల్లి మీద చీమల కాపలా ఉన్న చోట ఇలాంటి కందిరీగల పని కష్టమవుతుంది. పురుగును లెక్కించేటప్పుడు దాని కాపలాదారును కూడా లెక్కించే అలవాటు మన వ్యవసాయ సలహాల్లో ఇంకా పెరగాలి.

స్థానిక చీమ పోతే దాని పని ఎవరూ అందుకోరని తొలిసారి ప్రయోగంతో చూపింది దక్షిణాఫ్రికా. కేప్ ప్రాంతపు ఫిన్‌బాస్ పొదల్లో వెయ్యికి పైగా మొక్కల జాతుల గింజలను చీమలే పాతిపెడతాయి. తరచూ నిప్పంటుకునే ఆ నేలలో మట్టిలోపల ఉన్న గింజే బతుకుతుంది. 1984లో విలియం బాండ్, పీటర్ స్లింగ్స్‌బీ మిమెటిస్ అనే పొదను పరిశీలించారు. అర్జెంటీనా చీమలు గింజను చేరతాయి, బుడిపె తింటాయి, గింజను నేల మీదే వదిలేస్తాయి. స్థానిక చీమలున్న చోట నిప్పు తర్వాత మూడో వంతుకు పైగా గింజలు మొలకెత్తాయి. అర్జెంటీనా చీమలున్న చోట నూటికి ఒకటి కూడా లేదు. సోలమన్ దీవుల కొబ్బరి తోటల్లో కాయలు రాలగొట్టే నల్లిని ఆకుగూటి ఎర్ర చీమలు అడ్డుకునేవి. పెద్దతల చీమ వాటిని తరిమేసిన చోట కొబ్బరికి కాపలా లేకుండా పోయింది. కాలిఫోర్నియాలో పెద్ద స్థానిక చీమలను తిని బతికే కొమ్ముబల్లి పిల్లలకు అర్జెంటీనా చీమలను మేపితే ఎదగలేదు.

కెన్యా కథ వీటన్నిటి కన్నా దూరం వెళ్లింది. లైకిపియా పీఠభూమి నల్లరేగడి మైదానాల్లో ఎక్కడ చూసినా ఒకటే చెట్టు, ముళ్ల బుడగల్లో గాలి దూరి ఈల వేసే తుమ్మ. ఆ బుడగల్లో స్థానిక చీమలు కాపురం ఉంటాయి. ఏనుగు తొండం చాస్తే దాని ముక్కులోకి పాకి కరుస్తాయి. అంత పెద్ద జంతువు వెనక్కి తగ్గుతుంది. ఈ శతాబ్దం మొదట్లో అక్కడికి చేరిన పెద్దతల చీమ ఈ కాపలా చీమలను, వాటి గుడ్లను తినేసింది, చెట్టును మాత్రం కాపాడలేదు. ఏనుగులు అలాంటి చెట్లను ఐదు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా విరిచాయి. మైదానం బోసిపోయింది. పొంచి దూకే సింహానికి చాటు కరువైంది, జీబ్రాకు దూరం నుంచే సింహం కనిపించింది. 2003లో సింహాల వేటలో మూడింట రెండు వంతులు జీబ్రాలే. 2020కి అది 42 శాతానికి పడిపోయింది. సింహాలు అడవిదున్నల వైపు మళ్లాయి. డగ్లస్ కమారు, జేకబ్ గోహీన్, టాడ్ పామర్ తదితరులు ఈ లెక్కలను 2024 జనవరిలో ప్రకటించారు. సింహాల సంఖ్య మాత్రం తగ్గలేదని కూడా వారే చెప్పారు. ఆ మాటను వదిలేసి కథ చెప్పడం న్యాయం కాదు.

న్యాయం కోసమే రెండో పక్షం కూడా వినాలి. ఎర్ర నిప్పు చీమ 1930లలో దక్షిణ అమెరికా నుంచి అలబామాలోని మొబైల్ రేవుకు చేరింది. 1942లో ఆ ఊళ్లో దాని గూడును గమనించి నమోదు చేసిన పదమూడేళ్ల కుర్రాడు తర్వాత చీమల శాస్త్రానికే పెద్దదిక్కయిన ఎడ్వర్డ్ విల్సన్. 1990లో టెక్సాస్‌లోని ఆస్టిన్ దగ్గర శాన్‌ఫర్డ్ పోర్టర్, డోలోరెస్ సవిగ్నానో ఈ చీమ వచ్చిన చోట స్థానిక చీమ జాతులు 70 శాతం తగ్గాయని చూపారు. అందరూ అదే ఉదహరించారు. పన్నెండేళ్ల తర్వాత లాయిడ్ మోరిసన్ అదే స్థలానికి వెళ్లి అదే పద్ధతిలో లెక్కిస్తే, స్థానిక చీమలు దాదాపు పాత స్థాయికి తిరిగి వచ్చాయి. ఈ రెండో అధ్యయనాన్ని తలచుకునేవాళ్లు తక్కువ.

ఫ్లోరిడాలో వాల్టర్ చింకెల్, జాషువా కింగ్ ఇంకా ముందుకు వెళ్లారు. పచ్చిక బయళ్లలో నిప్పు చీమలను తొలగించి చూశారు, స్థానిక చీమలు పెరగలేదు. తర్వాత చెక్కు చెదరని పైన్ అడవిలో కొన్ని మడులను దున్నారు, కొన్నిటిలో గడ్డి కోశారు, కొన్నిటిని ముట్టుకోకుండా నిప్పు చీమలను మాత్రం వదిలారు. ముట్టుకోని అడవిలో నిప్పు చీమలు స్థానిక చీమలను తగ్గించలేకపోయాయి. దున్నిన చోట నిప్పు చీమల ప్రమేయం లేకుండానే స్థానిక చీమలు పోయాయి, ఆ ఖాళీలోకి నిప్పు చీమలు వచ్చి చేరాయి. 2008లో వచ్చిన ఆ ఫలితం ఈ శాస్త్రంలో మలుపు. నాగలి చేసిన నష్టాన్ని చీమ ఖాతాలో రాస్తున్నామా అని అది అడిగింది. అన్ని చీమలకూ ఇదే జవాబు వర్తించదు. జాస్పర్ రిడ్జ్ గానీ క్రిస్మస్ దీవి అడవి గానీ దున్నిన నేలలు కావు. కానీ దున్నిన, కోసిన, తడిపిన నేలే ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఫ్లోరిడా పాఠమే ముందు చదవాలని నా అభిప్రాయం.

దండెత్తిన చీమ ఎప్పటికీ ఏలదు కూడా. 1990లో న్యూజిలాండ్ చేరిన అర్జెంటీనా చీమ, గతంలో దట్టంగా ఉన్న చోట్లలో 40 శాతం చోట్ల దానంతటదే కనుమరుగైందని 2012లో తేలింది. అక్కడ స్థానిక చీమలు తిరిగి కోలుకున్నాయి. టెక్సాస్‌లో నిప్పు చీమలనే వెళ్లగొట్టిన మరో పిచ్చి చీమ జాతిని ఒక సూక్ష్మ పరాన్నజీవి కూల్చేస్తోందని 2022లో వెల్లడైంది.

మందు కథ చేదు కథ. 1957లో అమెరికా వ్యవసాయ శాఖ నిప్పు చీమల మీదికి విమానాలు పంపి హెప్టాక్లోర్, డీల్డ్రిన్ చల్లించింది. పిట్టలు, చేపలు, పశువులు చచ్చాయి. రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో దీని మీద గట్టిగా రాశారు. ఆ తర్వాత మైరెక్స్ ఎర వచ్చింది, అదీ 1970ల చివరికి నిషేధానికి గురైంది. విషం స్థానిక చీమలను కూడా చంపింది. ఖాళీ అయిన నేలకు అందరికన్నా ముందు తిరిగి వచ్చింది నిప్పు చీమే. ఆ యుద్ధాన్ని విల్సన్ వియత్నాంతో పోల్చారు. ఎదురుగా గెలుపులూ ఉన్నాయి. గాలాపగోస్‌లోని మార్చెనా దీవిలో ఇరవై హెక్టార్ల మేర ఉన్న చిన్న నిప్పు చీమను పూర్తిగా నిర్మూలించారు. పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవిలో సముద్రపక్షుల కళ్లు పోగొడుతున్న పసుపు పిచ్చి చీమను ఏళ్ల తరబడి వెతికి వెతికి తొలగించి, 2021లో దీవిలో ఆ చీమ ఇక లేదని ప్రకటించారు. 2001లో ఆక్లాండ్ విమానాశ్రయంలో కనబడిన ఒక్క ఎర్ర నిప్పు చీమల గూటిని న్యూజిలాండ్ వెంటనే తొలగించింది. అదే ఏడాది బ్రిస్బేన్‌లో బయటపడేసరికే చీమ విస్తరించి ఉంది, ఆస్ట్రేలియా ఇప్పటికీ పోరాడుతోంది. చిన్న చోటు, తొందరగా కనిపెట్టడం, ఓపిక. గెలిచిన చోట్లన్నిటా ఉన్నవి ఇవే.

మన దేశానికి వద్దాం. 2016లో వెలువడిన జాబితా ప్రకారం భారతదేశంలో 828 చీమ జాతులు, ఉపజాతులు ఉన్నాయి. అజయ్ నరేంద్ర, సునీల్ కుమార్ 2006లో ద్వీపకల్ప భారత చీమల మీద తెచ్చిన చేతిపుస్తకం ఎందరినో ఈ దారిలో పెట్టింది. అయినా పశ్చిమ కనుమలకు దక్కిన శ్రద్ధ నల్లమలకు, పాపికొండలకు, దక్కను మెట్ట పొలాలకు దక్కలేదు. ఏ పొలంలో ఏ చీమ ఉందో రాసిపెట్టిన పాత లెక్క లేకపోతే, పదేళ్ల తర్వాత ఏది పోయిందో చెప్పగలిగేది ఎవరు?

2022లో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై అడవి చుట్టూ ఉన్న పల్లెల్లో జరిగినది ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. పసుపు పిచ్చి చీమలు లక్షలుగా పుట్టుకొచ్చి పశువుల కళ్ల మీద పడ్డాయి. మేకల కాపరులు అడవి అంచు వదిలి వచ్చారు. ఈ చీమ పుట్టిన చోటు ఆఫ్రికానా ఆసియానా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదనే. దక్షిణ భారతంలో ఇది చాలాకాలంగా ఉన్నదే. పాత కాపురస్తుడు హఠాత్తుగా దండు కట్టాడంటే చుట్టూ ఏదో మారింది. క్రిస్మస్ దీవి అనుభవం ప్రకారం మొదట వెతకాల్సింది ఆ కొండ చెట్ల మీది పొలుసు పురుగుల్ని. మందు డబ్బా దాని తర్వాత.

కొత్త చీమ మన దగ్గరికి వచ్చే దారులు ఊహించడం కష్టం కాదు. ప్రపంచంలో చీమలు ఎక్కువగా ప్రయాణించేది కుండీ మొక్కల మట్టిలో, కలపలో, కంటైనర్లలో. అమెరికా రేవుల్లో పట్టుబడ్డ పరాయి చీమల్లో ముప్పాతిక వంతు వాటి పుట్టింటి నుంచి రాలేదు, అప్పటికే ఆక్రమించిన మూడో దేశం నుంచి వచ్చాయని 2018లో క్లియో బెర్టెల్స్‌మయర్ బృందం చూపింది. కాబట్టి మూలదేశం పేరు చూసి సరుకు తనిఖీ చేస్తే సరిపోదు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులున్న తీరం మనది. గోదావరి పక్కన కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ మట్టిగడ్డతో సహా మొక్కలు లారీల్లో పోతాయి, బయటి నుంచి తల్లి మొక్కలు వస్తాయి. ఆ రైతులు దశాబ్దాల కష్టంతో కట్టుకున్న వ్యాపారం అది. దాన్ని కాపాడటానికైనా అక్కడి కుండీల్లో ఏ చీమలున్నాయో ఏటా చూసే ఏర్పాటు కావాలి.

అందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. హవాయిలో చిన్న నిప్పు చీమను కనిపెట్టడానికి ఇంటింటా వాడే పద్ధతి ఒకటుంది. సన్నటి కర్రపుల్ల కొనకు వేరుశనగ వెన్న పల్చగా రాసి, కుండీ మట్టి మీద నీడలో గంటసేపు ఉంచుతారు. చీమలు ఎక్కాక పుల్లను జిప్ సంచిలో వేసి మూసి, ఫ్రీజర్‌లో పెట్టి, గుర్తుపట్టగలిగినవారికి పంపుతారు. వేరుశనగ మన పంటే, పుల్లలకు కొదవ లేదు. బాపట్లలో, తిరుపతిలో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కళాశాలల కీటకశాస్త్ర విభాగాలున్నాయి. ఒక్కో సంచి మీద ఊరి పేరు, తేదీ, మొక్క పేరు రాసి ఉంటే చాలు. మొదటి ఏడాది సంచుల్లో నల్ల చీమలు, గండు చీమలు, జెర్డన్ నాటి నుంచి ఉన్న ఆ ఎర్ర చీమ దొరికినా ఆ లెక్క వృథా కాదు. రెండో ఏడాది లెక్కను పోల్చి చూసేది దానితోనే.